సాధనా కట్టు సింగారం కాదండీ

సంపాదకులు గారికి,
నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత ఫ్యాషన్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. నాకు డెబ్బై మూడేళ్ళు. పేపరు వచ్చిందంటే టెండరు ప్రకటనలతో సహా చదివితే గానీ లేచి పనిలోకి వెళ్ళను. వ్యాసంలో ఫొటోలు బాగున్నాయి. బెల్‌బాటం ప్యాంట్ల గురించి రాసింది చదివి మా తమ్ముడికి ఫోన్ చేసి వినిపించాను కూడా. నాకు పేచీ వచ్చిందల్లా జుట్టు దగ్గరే.

మగపిల్లల జుట్టుకి పేజీన్నర ఇచ్చారు. చెవులు మూసిన హిప్పీ జుట్టు, స్టెప్ కటింగు, దవడల దాకా దిగిన సైడ్‌లాక్సు, శోభన్ బాబు రింగు, 1968లో ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ వాళ్ళు రిషీకేశ్ రావడం, అన్నీ రాశారు. పైన శీర్షికలో తిరుగుబాటు అనే మాట పెద్దక్షరాల్లో ఉంది. ఆడపిల్లల జుట్టేమో చివర్న, గాజులకీ చీరలకీ మధ్య, సింగారం అని పేరు పెట్టిన చిన్న డబ్బాలోకి వెళ్ళింది. అందులో సాధనా కట్టుకి ఒకటే వాక్యం. హిందీ సినిమా మోజులో అప్పటి అమ్మాయిలు ఎగబడ్డారట. అంతే.

ఆ ఎగబడ్డవాళ్ళలో నేనొకదాన్ని. అందుకని రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెబుతాను. సాధన హిందీ సినిమా నటి. 1941లో కరాచీలో పుట్టింది. దేశ విభజన తర్వాత వాళ్ళ కుటుంబం బొంబాయి వచ్చేసింది. 1960లో హీరోయిన్‌గా ఆమె మొదటి హిందీ సినిమా తీసిన ఆర్.కె. నయ్యర్ గారికి ఆమె నుదురు మరీ వెడల్పుగా కనిపించిందట. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్‌లాగ ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి వదిలితే సరిపోతుందన్నారు. అలా వచ్చిందే సాధనా కట్టు. (నయ్యర్ గారే 1966లో ఆమెను పెళ్ళి చేసుకున్నారు.) చిత్రమేమిటంటే వెడల్పాటి నుదురు మా ఇళ్ళలో లోపం కాదు. అదృష్టరేఖ బాగుంటుందనీ, బొట్టు నిండుగా ఉంటుందనీ మెచ్చుకునేవారు. వాళ్ళు దాచడానికి చేసిన పని మాకు ఇంకోలా ఉపయోగపడింది.

సినిమా మోజు అన్నారు కదా. నేను ఆ సినిమా ఈనాటికీ చూడలేదండీ. మా ఊరికి ఆ కట్టు సినిమా హాలు మీదుగా రాలేదు, రైలు మీద వచ్చింది. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా ఇల్లు అయ్యకోనేరు గట్టు దగ్గర. అప్పటికి విజయనగరం ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది, మాకంటూ జిల్లా వచ్చింది 1979 జూన్‌లో. నేను ఎస్సెల్సీ, అంటే అప్పటి హైస్కూలు ఆఖరి తరగతి, చదువుతుండగా రైల్వే ఉద్యోగి కూతురు ఒకమ్మాయి ఖరగ్‌పూర్ నుంచి వచ్చి మా క్లాసులో చేరింది. నుదుటి మీద కనుబొమ్మల దాకా జుట్టు. తల ఊపితే ఊగేది. మేమందరం ఆ రోజు లెక్కల పీరియడ్‌లో బోర్డు చూళ్ళేదు.

మా తలలు ఎలా ఉండేవో కూడా చెప్పాలి. ఆదివారం తలంటు. రాత్రి నానబెట్టిన కుంకుడుకాయల పులుసు కళ్ళల్లో పడి ఏడుపు, తర్వాత సాంబ్రాణి పొగ, ఆ సాయంత్రమే మళ్ళీ కొబ్బరినూనె. మిగతా ఆరు రోజులూ నూనె కారే రెండు జడలు, మడిచి కట్టిన రిబ్బన్లు. అమ్మ జడ వేస్తే కనుబొమ్మలు కూడా పైకి లాగినట్టుండేవి. ఒక్క వెంట్రుక బయటికి వస్తే "పిచ్చిదానిలా ఏవిటే అది" అనేది.

ఇక కత్తెర మాట. మా ఇంట్లో ఆడదాని తలకి కత్తెర తగలాలంటే మూడే దారులు. టైఫాయిడ్ రావాలి, దేవుడు అడగాలి, మొగుడు పోవాలి.

మూడో దారిలో వెళ్ళినావిడ మా ఇంట్లోనే ఉండేది. మా మామ్మకి అక్క, మేం పెద్దమామ్మ అనేవాళ్ళం. పదమూడో ఏట భర్త పోతే పుట్టింటికి పంపేశారు. పెళ్ళినాడు తప్ప ఆయన ముఖం చూసిన గుర్తు కూడా లేదంది ఒకసారి. నాకు తెలిసేటప్పటికి ఆవిడకి డెబ్బై దాటాయి. పక్షానికోసారి తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, క్షవరం చేసే ముసలాయన పెరటి తలుపు తట్టేవాడు. నూతి పక్కన ఆవిడ తల వంచుకుని కూర్చునేది. అది అయ్యి, ఆవిడ స్నానం చేసి ముసుగు వేసుకునేదాకా పిల్లల్ని పెరట్లోకి రానిచ్చేవారు కాదు. నేను ఒకసారి వంటింటి కిటికీలోంచి చూశాను. కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. పెద్దమామ్మ తల మీద మొదటిసారి కత్తి పెట్టించినది దానికి పాతికేళ్ళ తర్వాత. అప్పుడు గురజాడ అప్పారావు గారు ఈ ఊళ్ళోనే ఉన్నారు, మా ఇంటి నుంచి వారింటికి నడిచే వెళ్ళొచ్చు. అయినా అదంతా మా పెరటి తలుపు బయటే ఆగిపోయింది.

నేను మొదట రెండో దారి పట్టుకుందామనుకున్నాను. ఎస్సెల్సీ పాసైతే సింహాచలం అప్పన్నకి మూడు కత్తెర్లు ఇస్తానని మొక్కుకున్నట్టు అమ్మతో చెప్పాను. గుండు కాదు కాబట్టి అమ్మ ఒప్పుకుంది. దేవుడి మాట కాబట్టి నాన్నగారు కాదనలేదు. నా ఎత్తేమిటంటే ఆ మూడు కత్తెర్లూ ముందు వైపు వేయించుకోవడం. 1968 జూన్‌లో రిజల్ట్స్ వచ్చాయి. పాసింజరు బండిలో కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస దాటుకుంటూ వెళ్ళాం. దారంతా నుదుటి మీద వేలు పెట్టుకుని ఎక్కడ దాకా కత్తిరించాలో కొలుచుకుంటూనే ఉన్నాను. తీరా తలనీలాలు తీసే చోట కూర్చుని, అమ్మకి వినపడకుండా "ముందు వైపు కత్తిరించండి" అన్నాను. ఆయన నా వంక చూశాడు, వెనక నిలబడ్డ అమ్మ వంక చూశాడు. "ముందుకేటమ్మా, మీయమ్మ నన్ను కొడతాది" అని జడ కొసలు పట్టుకుని టక్ టక్ టక్ మని మూడుసార్లు వేసేశాడు. అంగుళం జుట్టు పోయింది. గంగధార దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఏడిస్తే, భక్తితో కళ్ళు చెమర్చాయనుకుంది అమ్మ.

ఒక్క మాట అడుగుతాను. తిరుపతిలోనూ సింహాచలంలోనూ ఆడవాళ్ళు తల నున్నగా గొరిగించుకుని వస్తే అందరం దణ్ణం పెడతాం. నుదుటి మీద నాలుగు వెంట్రుకలు కత్తిరిస్తే ఇల్లంతా ఎందుకు అదిరిపోవాలి? నాకు అప్పుడు అర్థం కాలేదు. పైకి ఇది జుట్టు గొడవలాగే కనిపించేది మరి.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తీశాను. అది బట్టల కత్తెర, చెయ్యంత పొడుగు. పెరట్లో నూతి పళ్ళెం దగ్గర చిన్న అద్దం గోడకి ఆనించి, ముందు జుట్టు ముక్కోణంలా పాయ తీసి, తడిపి, ముఖం మీదికి దువ్వి, సరిగ్గా కనుబొమ్మల మీద కత్తిరించాను. ఇక్కడే అందరూ దెబ్బతినేవాళ్ళు. తడి జుట్టు ఆరాక పైకి లేస్తుంది. ఉంగరాల జుట్టయితే మరీను. నాది కాస్త ఉంగరాలే. ఆరేసరికి కనుబొమ్మల మీద ఉండాల్సినది సగం నుదుటికి ఎక్కి కూర్చుంది. తర్వాత కాలేజీలో ఎంతమందికి కత్తిరించానో లెక్కలేదు. అందరికీ ఒకటే సూత్రం: పొడి జుట్టు మీద, కళ్ళ దాకా వదిలి, కొంచెం కొంచెంగా. నూనె రాస్తే అతుక్కుపోతుంది కాబట్టి ముందు పాయకి నూనె మానెయ్యాలి. ఆ నూనె మానడం ఇంకో యుద్ధం, అది ఇక్కడ రాస్తే మీకు స్థలం చాలదు.

అమ్మ నిద్ర లేచి నన్ను చూసి మొదట అన్న మాట, "బొట్టేదే?" జుట్టు కింద ఉందని పైకెత్తి చూపించాను. అప్పన్నకి ఇచ్చిన మొక్కే ఇది కూడా అని బుకాయించబోయాను. "అప్పన్నకి ఇచ్చింది వెనకాల కదే, నా కళ్ళ ముందే కదే!" అని నెత్తి బాదుకుంది. నాన్నగారు అరవలేదు. నాతో మాట్లాడటం మానేశారు. నేను ఎదురుగా ఉన్నా "మీ అమ్మాయితో చెప్పు, ఫీజు కట్టానని" అని అమ్మతో చెప్పేవారు. వినాయక చవితి దాకా నేను ఆయన అమ్మాయిని కాను.

పెద్దమామ్మ ముందుకు వెళ్ళడానికి మాత్రం భయమేసింది. ఆవిడకి చూపు ఆనదు. ఆ సాయంత్రం వసారాలో ఒత్తులు చేసుకుంటూ నన్ను పిలిచింది. చేత్తో తడిమింది. నుదుటి మీద కొసలు వేళ్ళతో అటూ ఇటూ నిమిరి, "కత్తెర ఎవరు పట్టుకున్నారే?" అంది.

"నేనే మామ్మా."

"ఎవరూ పట్టుకోమన్లేదా?"

"లేదు."

"అయితే సరేలే" అంది. మళ్ళీ ఒత్తులు చేసుకుంది.

మీ వ్యాసకర్తకి ఈ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మగపిల్లలది తిరుగుబాటు కాదని నేను అనను. మా తమ్ముడు 1972లో జుట్టు చెవుల మీదికి పెంచి, నుదుటి మీద పెన్సిలుకి చుట్టి రింగు తిప్పుకునేవాడు. నాన్నగారు రెండు రోజులు కేకలేశారు. మూడో రోజు మా తాతగారు కలగజేసుకుని, తను చదువుకునే రోజుల్లో పిలక తీయించి క్రాపు పెట్టుకుని ఇంటికొస్తే వాళ్ళ నాన్న పూటంతా అన్నం ముట్టలేదని చెప్పి పకపకా నవ్వారు. నాన్నగారూ నవ్వేశారు. గొడవ అయిపోయింది. వాళ్ళ తిరుగుబాటుకి ఇంట్లో వంశపారంపర్యం ఉందండీ. భోజనాల దగ్గర చెప్పుకోవడానికి కథలున్నాయి. నా సాధనా కట్టు గురించి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఏ భోజనం దగ్గరా చెప్పుకుని నవ్వలేదు. పెళ్ళిచూపులకి వచ్చిన ఒక పెద్దావిడ నా ముందు జుట్టు చూసి అమ్మని పక్కకి పిలిచి, "అమ్మాయికి టైఫాయిడ్ గానీ చేసిందా?" అని అడిగింది. అమ్మ అవునంది! ఇంకేం చెప్తుంది.

కాలేజీలో అయితే ఒక లెక్చరర్ గారు టేబుల్ మీద తలపిన్నుల డబ్బా పెట్టుకునేవారు. క్లాసులోకి వెళ్ళేముందు ఒక్కొక్కరినీ ఆపి, ముందు జుట్టు పైకి దువ్వి పిన్ను గుచ్చేవారు. పేరుకి క్రమశిక్షణ. మంచి మనిషే, పాఠం బాగా చెప్పేవారు, ఆవిడకి కూడా పైనుంచి ఎవరో చెప్పి ఉంటారు. మేం పీరియడ్ అయ్యాక పిన్ను తీసేసేవాళ్ళం. మళ్ళీ రేపు ఇంకో పిన్ను. ఆ ఏడాది నేను ఒక్క పిన్ను కూడా కొనుక్కోలేదు.

తర్వాత వాణిశ్రీ కొప్పులు వచ్చాయి. అవి చూడండి, ఇంట్లో అమ్మలకి కూడా నచ్చాయి. లోపల సవరం పెట్టి గోపురంలా కట్టినా ఎవరూ ఏమీ అనలేదు. కత్తెర అక్కర్లేదు కదా.

ఇంకొకటి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నేను టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళు పైగా చేశాను, ఎక్కువ భాగం పల్లెటూరి హైస్కూళ్ళలో. ఎనభైల్లో డయానా కట్టు వచ్చింది, ఇంగ్లండు యువరాణి చూసి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ముందు జుట్టు కత్తిరించుకుని వచ్చింది. ఇన్‌స్పెక్షన్ రోజులు, నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పిల్లని పిలిచి, నా జడలోంచే పిన్ను తీసి, ఆ జుట్టు పైకి లాగి గుచ్చాను. ఏం చేస్తున్నానో చేతికి తెలిసింది గానీ నాకు తెలియలేదు. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. "పిన్ను వంకరగా పెట్టారు మేడమ్" అని మాత్రం అంది. ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది, ఆ లెక్చరర్ గారి పిన్నులు కూడా వంకరగానే ఉండేవి.

2015 డిసెంబరులో సాధన పోయిందని టీవీలో చెప్పారు. పాత ఫొటోలు వేశారు. మా ఆయన పక్కనుంచి "ఎవరావిడ?" అన్నారు. మా పెళ్ళి నాటికి నా ముందు జుట్టు పెరిగిపోయింది, ఆయన చూడలేదు. చెప్పడానికి గంట పట్టింది.

మొన్న సంక్రాంతికి మా మనవరాలు విశాఖపట్నం నుంచి వచ్చింది. పార్లర్‌లో ఆరువందలు ఇచ్చి నుదుటి మీదికి జుట్టు కత్తిరించుకుంది. దాన్ని బ్యాంగ్స్ అంటారట, కొరియా సీరియళ్ళలో చూసిందట. ఇదే సాధనా కట్టే, ఆరువందలు దండగ, నేనైతే ఊరికే వేసేదాన్ని అన్నాను. దాని బడిలో కూడా పిన్ను పెట్టుకోమన్నారట. బడి పేరు అడిగాను గానీ ఇక్కడ రాయను, ఆ ఒక్క బడే కాదు. "నువ్వేం చేశావు?" అంటే, "గేటు దాకా పెట్టుకుంటా, తర్వాత తీసేస్తా" అంది. ఎవరు నేర్పారో.

కాబట్టి సంపాదకులు గారూ, నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు సాధనా కట్టుని గాజుల పక్కనుంచి తీసి మొదటి పేజీలో మా తమ్ముళ్ళ హిప్పీ జుట్టు పక్కన పెట్టండి. ఒకటే వాక్యం ఇచ్చినా ఫర్వాలేదు, చోటు మాత్రం మార్చండి.

దీంతో పాటు ఒక ఫొటో పంపుతున్నాను. 1969లో పీయూసీ, అంటే కాలేజీలో మొదటి ఏడాది, అయిపోయే ముందు మా ఊళ్ళో మూడు లాంతర్ల సెంటరు దగ్గర ఒక స్టూడియోలో ఆరుగురం కలిసి తీయించుకున్నది. నలుపు తెలుపు. నా దగ్గర ఉన్నది ఇదొక్కటే, పని అయ్యాక తిరిగి పంపండి, స్టాంపులు అంటించిన కవరు లోపలే పెట్టాను. ఆ రోజు కాలేజీ నుంచి తిన్నగా స్టూడియోకి వెళ్ళాం, తలల మీద పిన్నులు అలాగే ఉన్నాయి. కెమెరా ముందు కూర్చున్నాక అందరం తీసేసి, ఎడమ చివర కూర్చున్న పిల్ల చేతిలో పెట్టాం. దాని పిడికిలి బిగించి ఉంటుంది చూడండి, ఆరుగురి పిన్నులూ అందులోనే ఉన్నాయి. పేపర్లో వేసేటప్పుడు చోటు చాలక పక్కలు కత్తిరిస్తారేమో, ఆ పిడికిలి మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
అయ్యకోనేరు గట్టు, విజయనగరం.